రెండు యంత్రములు, ఒక జత చెవులు

రేడియో పుట్టిన తొలిదినములలో హెడ్‌ఫోను ఒకటి, వినువారు పలువురు. స్ఫటికముతో పనిచేయు ఆ చిన్న సెట్టుకు విద్యుత్తు అక్కరలేదు. ఆకాశమునుండి ఏరియల్ తీగ పట్టి తెచ్చిన శక్తితోనే అది హెడ్‌ఫోనులోని రేకును కదలించెడిది. ఆ శక్తి ఒకరిద్దరి చెవులకు మాత్రమే చాలును. కావున ఇంటివారందరును వినగోరినప్పుడు హెడ్‌ఫోనును ఒక పింగాణీ గిన్నెలో ఉంచి, చుట్టును తలలు చేర్చి కూర్చుండెడివారు. గిన్నె గోడలు ఆ సన్నని ధ్వనిని కొంత పైకి పంపెడివి.

నేడు చిక్కు తలక్రిందులైనది. ఒకే మేజాపై రెండు కంప్యూటర్లు ఉండును. రెండును పలుకుచుండును. వినువాడొక్కడు, అతనికున్న హెడ్‌ఫోను ఒక్కటి. దానిని ఏ యంత్రమునకు తగిలింపవలెను? రెంటికిని ఒక్కమారే తగిలించుటకు వీలులేదా? చూచుటకు ఇది పిల్లల ప్రశ్నవలె ఉన్నది గాని, మా కుటుంబములో ఇది పెద్దవారిని కూడ నిద్రపోనీయలేదు.

నా మేనల్లుడొకడు ఇంటినుండియే ఉద్యోగము చేయుచున్నాడు. కార్యాలయమువారిచ్చిన కంప్యూటరు ఒకటి, స్వంతమైనది మరియొకటి, ప్రక్కప్రక్కనే ఉండును. కార్యాలయపు యంత్రములో వేరు ప్రోగ్రాములేవియు చేర్చరాదని కట్టడి. అతని తల్లి, అనగా మా అక్క, పక్షవాతముతో ప్రక్కగదిలో మంచము పట్టియున్నది. ఆమె మంచముకడ చిన్న కెమెరా ఒకటి అమర్చి, ఆ గదిలోని ధ్వనిని తన స్వంత కంప్యూటరులో వినునట్లు ఏర్పాటు చేసికొనెను. ఒకనాటి మధ్యాహ్నము అతడు రెండు చెవులను మూసికొని కార్యాలయపు సమావేశములో మాటలాడుచుండగా, ఆమె మంచినీటికై మూడుమారులు పిలిచినదట. అతనికి వినబడలేదు. పిమ్మట తానే లేవబోయి మంచము ప్రక్కన జారిపడినది. ఎముక విరుగలేదు. కాని ఆ దినమునుండి అతనికి నెమ్మది లేదు.

స్పీకరు పెట్టుకొనరాదా యని మీరడుగవచ్చును. పెట్టుకొన్నచో ఆ ధ్వని అతని మైకులో దూరి, అక్క మూలుగులు కార్యాలయమువారందరికిని వినబడును. అది ఆమెకును ఇష్టము లేదు, అతనికిని ఇష్టము లేదు.

అతడు అంగడికి పోయి రెండు పాయల తీగ నొకదానిని కొని తెచ్చెను. అట్టి తీగ ఒక యంత్రమునుండి ఇరువురు వినుటకై చేసినది. దానిని ఇతడు తిరుగవేసి, రెండు యంత్రములనుండి ఒకరు వినుటకు వాడెను. ఆ రాత్రి నాకు ఫోను చేసి, "మామయ్యా, రెండూ వినిపిస్తున్నాయి గానీ రెండూ నీరసంగా ఉన్నాయి. తీగ మంచిది కాదేమో!" అనెను. తీగలో దోషమేమియు లేదు. దోషము కలిపిన తీరులో కలదు.

మన పల్లెలలో రెండు బోరుబావుల మోటార్లను ఒకే గొట్టమునకు కలిపిన రైతుకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. రెండు మోటార్లును నీటిని పైకి నెట్టుచున్నంతసేపు ఎట్లో సాగును. ఒకటి ఆగినదనుడు, మధ్య వెనుకకు పోనీయని వాల్వు లేనిచో, నడుచుచున్న మోటారు ఎత్తిన నీరు పొలమునకు పోక, ఆగిన బావిలోనికి దిగిపోవును. పొలము దూరముగాను మెరకగాను ఉన్నది, బావి నోరు దగ్గరగాను పల్లముగాను ఉన్నది. నీటికి సులభమైన దారియే దారి.

కంప్యూటరులో హెడ్‌ఫోను తగిలించు రంధ్రము వెనుక ఒక చిన్న యాంప్లిఫయరు ఉండును. ధ్వని లేనప్పుడు అది ఊరకుండునని మనమనుకొందుము. అది నిజము కాదు. "ఇచ్చట వోల్టేజి సున్న" అని అది పట్టుదలతో నిలబెట్టుచుండును. దాని అంతర్నిరోధము మిక్కిలి తక్కువ. లెక్కకై ఒక్కొక్క యంత్రమున ఒక ఓము అనుకొందము. సాధారణమైన హెడ్‌ఫోను నిరోధము 32 ఓములు. మొదటి యంత్రము అర వోల్టు ధ్వనిని పంపుచున్నది, రెండవది మౌనముగా ఉన్నది. హెడ్‌ఫోను ఒక్కటే తగిలియున్నచో దానికి సుమారు 15 మిల్లీ ఆంపియర్ల ప్రవాహము పోవును, పని జరుగును. రెండు యంత్రములను కలిపికట్టినచో, మొదటిదానినుండి సుమారు 250 మిల్లీ ఆంపియర్లు బయలుదేరి, అందులో మిక్కిలి భాగము రెండవ యంత్రములోనికే పోవును. సంధియొద్ద వోల్టేజి సగమునకు పడిపోవును. ఆ చిన్న యాంప్లిఫయరు అంత ప్రవాహమును ఈయజాలదు గావున అలల కొనలు తెగి మాట బొంగురుపోవును. యంత్రము వెంటనే కాలిపోవునని నేను భయపెట్టను. నేటి యంత్రములలో పెక్కింటికి రక్షణ కలదు. కాని దినమంతయు ఒకదానితో నొకటి పెనగులాడుచుండుట వానికి మేలు కాదు.

హెడ్‌ఫోనులు రెండింటిని ఒక యంత్రమునకు తగిలించుట వేరు. అక్కడ ఇచ్చువాడొకడు, పుచ్చుకొనువారిరువురు. ఇక్కడ ఇచ్చువారిరువురును ఎదురెదురుగా నిలిచి ఒకరి చేతిలోనికి ఒకరు త్రోయుచున్నారు.

వారి నడుమ తగవు తీర్చుటకు తొలి ఉపాయము నిరోధకము. రేడియో మరమ్మతు చేయువారు రెసిస్టర్ అనెడి ఆ చిన్న పురుగువంటి వస్తువు. ఒక్కొక్క యంత్రమునుండి వచ్చు ఎడమ తీగకొకటి, కుడి తీగకొకటి, మొత్తము నాలుగు. ఒక్కొక్కటి 1000 ఓములు. ఇప్పుడు ఒక యంత్రమునుండి రెండవదానికి పోవలెనన్న ప్రవాహము 2000 ఓములు దాటవలెను. పోరు అణగును. కాని ఒక చిక్కు. 1000 ఓములు దాటి వచ్చిన ధ్వని 32 ఓముల హెడ్‌ఫోనును చేరునప్పటికి వోల్టేజిలో ముప్పదిమూడవ వంతు మాత్రమే మిగులును. 100 ఓములవి వేసినను అయిదవ వంతే. కావున సంధి తరువాత వేరొక చిన్న యాంప్లిఫయరు కావలెను. దాని ప్రవేశనిరోధము 10,000 ఓములున్నచో, 1000 ఓములు దాటిన ధ్వనిలో సుమారు సగము నిలుచును. ఆ సగమును అది సులభముగా పెంచును.

అంగళ్లలో అమ్ముడగు మిక్సరు అనునది ఇదియే, గొళ్లెములును మరలును చేర్చి పెట్టెలో పెట్టినది. మీరు వినెడి రేడియో కార్యక్రమమంతయు ఇట్టి బల్లమీదనుండియే వచ్చును. ప్రకటనకర్త మైకు, పాటల యంత్రము, బయటినుండి వచ్చు తీగ, వేనిదారి వానిదిగా వచ్చి, ఒక్కొక్కటి తన నిరోధమును దాటి, కలిసి, పిమ్మట పెరిగి, ఒకే ప్రసారముగా పోవును. వార్తలు మొదలగునపుడు సంగీతము మెల్లగా సన్నగిల్లుట మీరు వినియుందురు. అది ఎవరో ఒక మరను వ్రేలితో క్రిందికి జరుపుట.

మిక్సరు కొననొల్లని వారికి కంప్యూటరే మిక్సరు కాగలదు. పెద్ద కంప్యూటరు వెనుకవైపున రంగురంగుల రంధ్రములుండును. ఆకుపచ్చనిది ధ్వని వెలువడునది, లేత నీలము ధ్వనిని లోనికి తీసికొనునది, గులాబీ రంగుది మైకుది. రెండవ యంత్రపు ఆకుపచ్చనుండి మొదటి యంత్రపు నీలమునకు తీగ వేసి, హెడ్‌ఫోనును మొదటిదానికే ఉంచవలెను. విండోస్ నడుచు యంత్రములలో ధ్వనిసాధనముల పట్టికలో లైన్-ఇన్ గుణములు తెరచినచో "లిజన్" అను పుట ఉండును. అక్కడ గురుతు పెట్టగానే లోనికి వచ్చినది బయటికి వినబడును. ఇచ్చట ఇచ్చునది ఒకటి, పుచ్చుకొనునది ఒకటి, తగవు లేదు. ధ్వని కొంచెము ఆలస్యముగా వచ్చుట ఒక్కటే లోపము.

ఒడిలో పెట్టుకొను కంప్యూటర్లలో నీలపు రంధ్రము సాధారణముగా ఉండదు. మైకు రంధ్రమున్నది గదా యని అందులో గుచ్చువారు కలరు. మైకు ఇచ్చునది వోల్టులో వెయ్యవవంతుల లెక్క. హెడ్‌ఫోను రంధ్రము ఇచ్చునది దానికి నూరు రెట్లు కావచ్చును. చెంబుతో పోయవలసినచోట చెరువు గండి కొట్టినట్లగును. పైగా మైకు దారి పెక్కింట ఒంటి దారియే, ఎడమ కుడి భేదము నిలువదు.

ఇక గుఁయ్‌మను చప్పుడు సంగతి. రెండు యంత్రములను తీగతో కలుపగానే కొందరికి మాటల వెనుక తుమ్మెద ఝంకారమువంటి ధ్వని వినబడును. మన విద్యుత్తు సెకనుకు 50 మారులు అటునిటు ఊగి మరల మొదటికి వచ్చును. ఆ 50, దాని రెట్టింపు 100, చెవికి అందిన చప్పుడే అది. రెండు యంత్రములకును వేరువేరు గోడలలో ఎర్త్ ఉన్నది, ఇప్పుడు ధ్వని తీగ పైతొడుగు కూడ వానిని కలిపినది. ఒక పెద్ద వలయమేర్పడి అందులో అక్కరలేని ప్రవాహము తిరుగుచుండును. రెండు యంత్రములను ఒకే ప్లగ్గు పలకకు మార్చినచో చాలవరకు తగ్గును. ఒక యంత్రమును బ్యాటరీపై నడిపి చూచినచో కారణము ఇదియేనా యని తెలియును. అప్పటికిని పోనిచో ధ్వని తీగ నడుమ చిన్న ట్రాన్స్‌ఫార్మరు వేయవలెను. అది లోహపు కలయిక లేకుండ, అయస్కాంత శక్తిద్వారా ధ్వనిని ఆవలికి దాటించును.

కొందరు తెలివిగలవారు ప్లగ్గులోని మూడవ పుల్లను, లావుగా ఉండుదానిని, విరిచివేసి చప్పుడు పోయినదని సంతోషింతురు. ఇంతకంటె చెడ్డ పని లేదు. కంప్యూటరుకు విద్యుత్తునిచ్చు పెట్టెలో చిల్లర చప్పుళ్లను ఎర్త్‌లోనికి పంపుటకు చిన్న కండెన్సర్లుండును. ఎర్త్ లేనినాడు వాని మూలమున యంత్రపు లోహభాగము సుమారు సగము వోల్టేజికి, అనగా 230లో 115 ప్రాంతమునకు, తేలును. ప్రవాహము స్వల్పము గావున చేతికి చిమచిమ మాత్రమే తెలియును. కాని లోపల వేరొక దోషము పుట్టినచో ఆ విద్యుత్తుకు దారి మీ హెడ్‌ఫోను తీగయే, మీ తలయే. మూడు పుల్లల ప్లగ్గును రెండు రంధ్రముల సాకెట్టులో దూర్చు అలవాటు మన ఇండ్లలో ఇంకను పోలేదు. ధ్వని సంగతి అట్లుంచి, ముందు దానిని మాన్పవలెను.

తీగయే లేకుండ ఇంటి వైఫై మీదుగా ధ్వనిని పంపవచ్చును. సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లు, ఎడమ కుడి రెండు దారులు. మొత్తము సెకనుకు 15 లక్షల 36 వేల బిట్లు. ఇంటి వైఫైకి ఇది బరువు కాదు. వినోదమైన చిక్కు మరొకటి కలదు. రెండు కంప్యూటర్లలోను కాలమును లెక్కించు స్ఫటికములు సరిగా ఒక్కటిగా నడువవు. పదిలక్షలలో 50 పాళ్లు తేడా ఉన్నచో సెకనుకు రెండు మూడు నమూనాలు ఎక్కువో తక్కువో అగును. గంట గడచునప్పటికి 8,640 నమూనాలు, అనగా సెకనులో సుమారు అయిదవ వంతు. పుచ్చుకొను ప్రోగ్రాము ఈ తేడాను మెల్లమెల్లగా సర్దుకొననిచో నడుమ నడుమ ధ్వని తెగును. కార్యాలయపు యంత్రములో ప్రోగ్రాములు చేర్చరాదు గావున మావానికి ఈ దారి ఎట్లును మూసికొనియున్నది. బ్లూటూత్ హెడ్‌ఫోనులలో కొన్ని ఒక్కమారే రెండు యంత్రములతో జత కూడును గాని, సాధారణముగా ఒకదాని ధ్వనినే వినిపించి రెండవదానిని ఆపివేయును. మా అక్క పిలుపు ఆగిపోవునది అక్కడనే.

ఇంతవరకు యంత్రముల సంగతి చెప్పితిని. వినునది యంత్రము కాదు గదా. రెండు ధ్వనులను చక్కగా కలిపి చెవిలో పోసినంతమాత్రమున రెండును వినబడునా?

1953లో కాలిన్ చెర్రీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ విషయమై ప్రయోగములు ప్రకటించెను. ఒకే కంఠముతో చదివిన రెండు వేరు ప్రసంగములను కలిపి రెండు చెవులకును వినిపించినప్పుడు, వినువారు వానిని విడదీయుటకు ఎంతయో శ్రమపడిరి. మరల మరల వినవలసివచ్చెను. అవే రెండు ప్రసంగములను చెవికొకటి చొప్పున వినిపించినప్పుడు, తమకు కావలసినదానిని సులభముగా పట్టుకొనిరి. కాని రెండవ చెవిలోని మాటల సారము వారికి తెలియలేదు. అక్కడ భాష ఆంగ్లమునుండి జర్మనుకు మారినను గమనింపలేదు. పురుషకంఠము స్త్రీకంఠముగా మారినచో మాత్రము గమనించిరి. 1959లో నెవిల్ మోరే అను మరియొక శాస్త్రజ్ఞుడు ఆ రెండవ చెవిలో వినువాని పేరును పలికించి చూచెను. తక్కిన మాటలేవియు చెవికెక్కని వారిలో కొందరు తమ పేరును మాత్రము విని పట్టుకొనిరి.

మన అష్టావధానులు ఈ సంగతిని శాస్త్రము లేకయే ఎరుగుదురు. సమస్య పూరించుచు, దత్తపదికి పద్యము కట్టుచు, అప్రస్తుతప్రసంగికి బదులు చెప్పుచు, నడుమ మ్రోగు గంటలను కూడ లెక్కపెట్టువారు కలరు. గంట మాటవంటిది కాదు గావుననే అది మాటల నడుమ కలిసిపోక నిలుచును.

ఇది చదివిన పిమ్మట నాకు తోచినది, మిక్సరు కొనవలెనను ఆలోచనయే పొరపాటని. మావానికి కావలసినది రెండు ధ్వనుల కలయిక కాదు. కుడి చెవిలో కార్యాలయము, ఎడమ చెవిలో తల్లి గది. అట్లయినచో రెండు యంత్రముల తీగలు ఎక్కడను కలియనే కలియవు, తగవును లేదు, నిరోధకమును అక్కరలేదు!

హెడ్‌ఫోను ప్లగ్గును ఒకమారు చూడుడు. పూర్వపు టెలిఫోను ఎక్స్ఛేంజీలలో వాడిన పావు అంగుళపు ప్లగ్గు వంశములోనిదే ఇది. ట్రాన్సిస్టరు రేడియోలతో మూడున్నర మిల్లీమీటర్లకు చిక్కినది, 1979లో వచ్చిన వాక్‌మన్‌తో ఎల్లరికిని పరిచితమైనది. నల్లని వలయములతో విడివడి మూడు లోహభాగములుండును. కొన ఎడమ చెవికి, నడుమ వలయము కుడి చెవికి, మొదలు ఉమ్మడి. మైకు కూడ ఉన్న ప్లగ్గులో నాలుగు భాగములుండును గనుక, ఈ పనికి మూడు భాగముల హెడ్‌ఫోనే మంచిది. మావాడు మైకును వేరుగా కార్యాలయపు యంత్రమునకు తగిలించుకొనెను.

తీగ చేయుట సులభము. స్వంత కంప్యూటరుకు పోవు ప్లగ్గు కొననుండి వచ్చిన తీగను హెడ్‌ఫోను సాకెట్టు కొనకు, కార్యాలయపు కంప్యూటరుకు పోవు ప్లగ్గు నడుమ వలయమునుండి వచ్చిన తీగను సాకెట్టు నడుమ వలయమునకు, రెంటి మొదళ్లను సాకెట్టు మొదలుకు అతుకవలెను. ఒక్కొక్క ప్లగ్గులో మిగిలిన తీగను దేనికిని తగులకుండ ఒంటరిగా విడిచిపెట్టవలెను. దానిని మొదలుకు కలుపరాదు. రేడియోలు బాగుచేయు దుకాణములో అరగంట పని. రెండు యంత్రములలోను ఎడమ కుడి ధ్వనులను కలిపి ఒకటిగా పంపు "మోనో" ఏర్పాటును తెరువవలెను. లేనిచో ఒక చెవికి మాత్రమే ఉద్దేశించిన ధ్వని పోగొట్టుకొందుము. ఆ ఏర్పాటు కంప్యూటరులోనే ఉన్నది, వేరుగా చేర్చనక్కరలేదు. మొదళ్లు కలిసియున్నవి గావున పైన చెప్పిన ఎర్త్ వలయపు చప్పుడు ఇక్కడను రావచ్చును. మావాడు రెండు యంత్రములను ఒకే పలకకు తగిలించినందున రాలేదు.

ధ్వని పెంచుటలో మితము ఉండవలెను. ఒక చెవిలో ధ్వని పెరిగినకొలది రెండవదానిని పెంచుటకు చేయి పోవుచుండును. పెద్దవారికి 80 డెసిబెల్ ధ్వని వారమునకు 40 గంటలు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టినది. దినమునకు ఎనిమిది గంటలు తగిలించుకొనువాడు అంతకంటె చాల క్రిందనే ఉంచుకొనుట మేలు.

చివరి దిద్దుబాటు అతడే కనిపెట్టెను. కెమెరా ప్రోగ్రాములో చిల్లర చప్పుళ్లను తుడిచివేయు ఏర్పాటు ఒకటి ఉన్నది. అది తెరచియున్నంతకాలము ఎడమ చెవి నిశ్శబ్దముగా ఉండెడిది. గది నెమ్మదిగా ఉన్నదో, తీగ ఊడినదో, కరెంటు పోయినదో తెలిసెడిది కాదు. పైగా అక్క బలహీనమైన మూలుగును కూడ అది చిల్లర చప్పుడుగా ఎంచి తుడిచివేసెడిది. అతడు దానిని మూసివేసెను. ఇప్పుడు ఎడమ చెవిలో ఆ గది ఫ్యాను చప్పుడు ఎల్లప్పుడును సన్నగా వినవచ్చుచుండును. అది ఆగినచో లేచి పోయి చూచును. అక్కకు కూడ ఒక మాట చెప్పియున్నాడు: "నీళ్లు" అని కాదు, ముందు తన పేరు పెట్టి పిలువుమని.